ఏ అరుగు మీద కూర్చుని రాశారు?

పాత తెలుగు పుస్తకాల చివర 'తప్పొప్పుల పట్టిక' అని ఒక పేజీ ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్ళు. అచ్చు పూర్తయ్యాక కంటబడ్డ తప్పులన్నీ అందులో చేరేవి. కొన్నిటికి ఆ పట్టికను విడిగా చీటీ మీద అచ్చువేసి అట్ట లోపల అంటించేవాళ్ళు. శ్రద్ధ ఉన్న పాఠకుడు ముందు ఆ పేజీ తెరిచి, పెన్సిల్ పట్టుకుని, ఒక్కో పుటకీ వెళ్ళి దిద్దుకున్నాకే చదవడం మొదలుపెట్టేవాడు. అలా దిద్దిన ప్రతులు పాత లైబ్రరీల్లో ఇప్పటికీ చేతికి తగులుతుంటాయి. అక్కడ తప్పు ఎక్కడుందో రాసినవాళ్ళే వేలు పెట్టి చూపించారు. పాఠకుడు వెతుక్కోనక్కర్లేదు.

ఆ పట్టికలోకి ఎక్కని తప్పులు వేరే ఉన్నాయి. రాసిన మనిషి ఎవరితో మాట్లాడాడు, ఎవరి గడప తొక్కలేదు, ఏ కాయితాలు చూశాడు, ఏవి దొరకలేదు, ఎవరి మీద అభిమానంతో ఏ వాక్యాన్ని మెత్తగా రాశాడు. వీటికి పుట, పంక్తి చెప్పడం కష్టం. ఒక్కచోట ఉండవు, పుస్తకం పొడుగునా పరుచుకుని ఉంటాయి. 'శ' బదులు 'స' పడితే పాఠకుడు తనంతట తాను సర్దుకుంటాడు. ఊరి చరిత్రలో సగం ఊరు లేకపోతే మాత్రం, లేదని కూడా అతనికి తెలియదు.

ఈ రెండో రకం లోపాల గురించి మన ముందుమాటల్లో ఒక వాక్యం స్థిరపడిపోయింది. 'ఇందులోని లోటుపాట్లను సహృదయులు మన్నించి మా దృష్టికి తెస్తే మలి ముద్రణలో సవరించుకోగలం.' ఇది వంటల పుస్తకానికీ సరిపోతుంది, ప్రాంత చరిత్రకీ సరిపోతుంది. ఏ పుస్తకానికైనా అతికే ఒప్పుకోలు, ఆ పుస్తకం గురించి ఏమీ చెప్పనట్టే లెక్క. కావ్యాల అవతారికల్లో కవులు చూపించిన వినయం నుంచి ఈ అలవాటు వచ్చి ఉండొచ్చు. అక్కడ దానికో అందం ఉంది, పండితుల సభలో చేతులు కట్టుకుని నిలబడే మర్యాద అది. చరిత్రకీ, పత్రికా రచనకీ, పరిశోధనకీ ఆ మర్యాద ఒక్కటే చాలదు. వాటిని నమ్మి జనం నిర్ణయాలు తీసుకుంటారు.

విషయంలో జరిగిన తప్పును ఒప్పుకోవడం కొంత తేలిక. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ ఒక సంపాదకీయంలో రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. గాలి లేనిచోట రాకెట్ పనిచెయ్యదనీ, హైస్కూల్లో చెప్పే పాఠం కూడా ఆయనకు తెలియనట్టుందనీ రాసింది. 1969 జులై 17న, అపోలో 11 నింగికెగిరిన మర్నాడు, అదే పత్రిక సవరణ వేసింది. శూన్యంలో రాకెట్ పనిచేస్తుందని ఇప్పుడు రుజువైందనీ, జరిగిన తప్పుకు చింతిస్తున్నామనీ చెప్పింది. గొడార్డ్ 1945లోనే చనిపోయాడు. 49 ఏళ్ళ ఆలస్యం బాధాకరమే. అయినా ఆ సవరణలో మెలిక లేదు. ఏ వాక్యం తప్పో, ఏది ఒప్పో స్పష్టంగా ఉంది.

అదే పత్రిక 2004 మే 26న సంపాదకుల పేరుతో వేసిన నోట్ దీనికంటే కష్టమైన పని చేసింది. ఇరాక్ యుద్ధానికి ముందు, ఆ దేశం దగ్గర సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయన్న తమ కథనాలను సంపాదకులు మళ్ళీ తీసి చదివారు. కొన్నిటిలో ఉండాల్సినంత నిక్కచ్చితనం లేదని ఒప్పుకున్నారు. ఇరాక్‌లో ప్రభుత్వం మారాలని గట్టిగా కోరుకున్న ప్రవాసుల మాటల మీద ఆధారపడ్డామని చెప్పారు. ఇంకో సంగతి కూడా రాశారు: భయపెట్టే ఆరోపణలున్న కథనాలు ప్రముఖంగా వచ్చాయి, వాటిని ప్రశ్నించే తర్వాతి కథనాలు లోపలి పేజీల్లో కనీకనబడకుండా పడ్డాయి. ఇదీ పక్షపాతమే. ఒక్కో వాక్యాన్ని పట్టి చూస్తే ఎక్కడా దొరకదు. ఏ వార్త ఏ పేజీలో పడింది, ఎన్ని కాలమ్‌లు పడింది అన్న లెక్కలో దొరుకుతుంది. విచిత్రంగా ఈ నోట్ కూడా వచ్చింది లోపలి పదో పేజీలోనే. ఆరోపణ మొదటి పేజీలో, ఒప్పుకోలు పదో పేజీలో అన్న విమర్శ అప్పుడే వచ్చింది, అది న్యాయమైన విమర్శే.

పత్రికకు కనీసం నలుగురు సంపాదకులుంటారు, పాఠకుల ఉత్తరాలుంటాయి. ఒంటరిగా రాసే మనిషికి ఈ పని ఇంకా కష్టం. ఈ విషయంలో నిదానంగా చదవాల్సిన ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది.

సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరుకు దగ్గర్లోని ఒక ఊరికి వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉన్నారు. మళ్ళీ 1952 ఎండాకాలంలో వెళ్ళారు. పుస్తకంలో ఆ ఊరికి 'రాంపుర' అని పేరు పెట్టారు. ఊరి పెద్ద, భూములున్న ఒక్కలిగ కులస్థుడు, ఆయనకు తన ఎడ్ల కొట్టం ఉన్న ఇంట్లో గదులిచ్చాడు. ఊరి పెద్ద దగ్గరికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అక్కడి వసారాలో కూర్చునేవాళ్ళు. పంటలు, తగాదాలు, పెళ్ళిళ్ళు, అప్పులు, అన్నీ అక్కడే మాట్లాడుకునేవాళ్ళు. ఊరిని చదవడానికి వచ్చిన మనిషికి ఇంతకంటే మంచి చోటు దొరకదనిపిస్తుంది. అక్కడ కూర్చుంటే చాలు, ఊరంతా నడిచి వచ్చినట్టే ఉంటుంది.

నిజానికి ఆ వసారాకి ఊరంతా రాదు. వచ్చినవాళ్ళందరూ ఒకేచోట కూర్చోరు. కొందరు పైన కూర్చుంటారు, కొందరు కింద నిలబడి మాట్లాడి వెళ్ళిపోతారు. శ్రీనివాస్ బ్రాహ్మణుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చినవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన బ్రాహ్మణుడిలాగే నడుచుకోవాలని ఆశించారు. ఒకసారి స్నానం చేశాక గడ్డం గీసుకుంటే ఆక్షేపణ వచ్చింది. ముందు గడ్డం, ఆ తర్వాత స్నానం అన్నది ఆచారం. పరిశోధకుడు ఊరిని గమనిస్తున్నాడు, ఊరు కూడా పరిశోధకుణ్ణి గమనిస్తూ ఆయన ఎక్కడిదాకా రావొచ్చో గీత గీస్తోంది. ఆ గీతకు అవతల ఉన్నవాళ్ళతో, ముఖ్యంగా దళితులతోనూ ముస్లిములతోనూ, ఆయన పరిచయం పలచబడింది. ఆడవాళ్ళ లోకం ఒక మగ పరిశోధకుడికి దాదాపు మూసిన తలుపే.

ఈ సంగతులన్నీ బయటి విమర్శకులు తవ్వి తీసినవని ఎవరైనా అనుకుంటారు. మొట్టమొదట చెప్పింది శ్రీనివాసే. 1976లో వచ్చిన ఆయన పుస్తకం 'ది రిమెంబర్డ్ విలేజ్'లో తన బస ఎక్కడో, ఎవరు తనకు తోడుగా తిరిగారో, ఎవరు తనని ఎలా చూశారో వివరంగా రాశారు. తాను చూసింది ప్రధానంగా పై కులాల వైపు నుంచి కనబడే ఊరని ఒప్పుకున్నారు.

ఆ పుస్తకం పేరులోనే ఇంకో ఒప్పుకోలు ఉంది. 1970 ఏప్రిల్ 24న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, ఆయన పనిచేసుకుంటున్న పరిశోధన కేంద్రానికి ఎవరో నిప్పుపెట్టారు. పద్ధెనిమిదేళ్ళుగా సరిచేసి, వర్గీకరించి పెట్టుకున్న నోట్సు మూడు ప్రతులూ ఆయన గదిలోనే ఉన్నాయి, మూడూ కాలిపోయాయి. ఊళ్ళో కూర్చుని రాసుకున్న తొలి నోట్సు ఇండియాలో మిగిలింది కానీ, పద్ధెనిమిదేళ్ళ కష్టం మంటల్లో పోయింది. తోటి పరిశోధకుడు సోల్ టాక్స్ సలహా మీద ఆయన జ్ఞాపకం నుంచే రాయడానికి పూనుకున్నారు. జ్ఞాపకం నుంచి రాస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. ఇష్టమైన మనుషులు ఎక్కువ గుర్తుంటారు, వాళ్ళ మాటలు నిన్న విన్నట్టు వినిపిస్తాయి, నాలుగుసార్లు మాత్రమే కలిసిన మనిషి ముఖం కూడా గుర్తురాదు. ఆయన దీన్ని ముందుమాటలో ఒక మూల పడేసి ఊరుకోలేదు, అట్ట మీదే రాశారు. ఇది గుర్తున్న ఊరు. పాఠకుడు మొదటి పేజీ తిప్పకముందే ఎంతవరకు నమ్మాలో తెలిసిపోతుంది.

శ్రీనివాస్ ఇంతకంటే ముందే చేసిన ఇంకో పని గురించి తక్కువమంది మాట్లాడతారు. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ళందరికీ 'సంస్కృతీకరణ' అన్న మాట తెలుసు. కింది కులాలు పై కులాల ఆచారాలను, ఆహారపు అలవాట్లను అనుసరించి, ఒకటి రెండు తరాల్లో తమ స్థాయిని పెంచుకునే ప్రయత్నం చేస్తాయన్న ఆలోచన అది. కొడగు ప్రజల మీద 1952లో వేసిన పుస్తకంలో ఆయన దాన్ని ముందుకు తెచ్చారు, 1956లో ఒక వ్యాసంలో విస్తరించారు. దేశమంతా ఆ మాట పాకిపోయింది. 1966లో 'సోషల్ చేంజ్ ఇన్ మోడర్న్ ఇండియా'లో ఆయనే దాన్ని వెనక్కి తిరిగి చూసుకున్నారు. కొడగు పుస్తకంలోనూ, ఆ తర్వాతి వ్యాసంలోనూ బ్రాహ్మణ నమూనాకు అతిగా ప్రాధాన్యం ఇచ్చాననీ, క్షత్రియ, వైశ్య, శూద్ర నమూనాలను వదిలేశాననీ రాశారు. అక్కడితో ఆగలేదు. ఆ బ్రాహ్మణ నమూనా కూడా కన్నడ, తమిళ, తెలుగు బ్రాహ్మణులను చూసి తీసుకున్నదే తప్ప మిగతా ప్రాంతాల బ్రాహ్మణులను చూసింది కాదన్నారు.

దేశం మొత్తానికి వర్తించే సూత్రంగా చలామణీ అవుతున్నది, నిజానికి మన మూడు భాషల నేలలో ఒక కులం వైపు చూసి కట్టిన సూత్రమని, కట్టిన మనిషే చెప్పాడు. అది ఏ రెండు రచనల్లో జరిగిందో పేర్లతో చెప్పాడు, ఏది ఎక్కువైందో చెప్పాడు, ఏది జారిపోయిందో చెప్పాడు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాడు. తప్పొప్పుల పట్టికలో నాలుగు గళ్ళున్నట్టే ఇక్కడా నాలుగూ నిండాయి. పక్షపాతానికి పుట, పంక్తి చెప్పడం కుదరదన్నది పూర్తిగా నిజం కాదని ఈ రెండు వాక్యాలు చూస్తే తెలుస్తుంది. దురదృష్టం ఏమిటంటే, ఏ సిద్ధాంతాన్నయినా పరీక్ష నోట్సు కోసం ఒక లైన్‌కి కుదించినప్పుడు మొట్టమొదట రాలిపోయేది ఇలాంటి సవరణే.

సవరణ ఎక్కడ రాశారన్నది ఇందుకే ముఖ్యం. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ 2011లో రాసిన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' ప్రపంచమంతా చదివిన పుస్తకం. ఒక మాటో బొమ్మో కంటబడితే చాలు, మనిషి నడక, నడత తెలియకుండానే మారిపోతాయని చెప్పే ప్రయోగాల మీద అందులో ఒక అధ్యాయం ఉంది. ఈ ఫలితాలను నమ్మకుండా ఉండే దారి లేదన్నంత గట్టిగా రాశారు. ఆ ప్రయోగాలను మళ్ళీ చేసినవాళ్ళకు చాలా చోట్ల అవే ఫలితాలు రాలేదు. 2017లో ముగ్గురు పరిశోధకులు ఆ అధ్యాయంలోని అధ్యయనాల బలమెంతో లెక్కగట్టి చూపిస్తే, కానెమన్ స్వయంగా బదులిచ్చారు. కొద్దిమంది మీద చేసిన బలహీనమైన ప్రయోగాలను అతిగా నమ్మానని ఒప్పుకున్నారు. చిన్న నమూనాలను అతిగా నమ్మడం ఎంత ప్రమాదమో 1971లో ఏమోస్ ట్వెర్‌స్కీతో కలిసి తాను రాసిన తొలి వ్యాసమే చెప్పిందని కూడా గుర్తుచేసుకున్నారు.

నోబెల్ అందుకున్న 82 ఏళ్ళ మనిషి చేసిన ఈ ఒప్పుకోలు నిజంగా గొప్పది. ఏ పొరపాటు గురించి పాఠం చెప్పాడో అదే పొరపాటు తాను చేశానని చెప్పుకోవడానికి ధైర్యం కావాలి. కానీ అది ఒకచోట ఉంది, పుస్తకం ఇంకోచోట ఉంది. 2012లో ఆ పుస్తకం కొని బీరువాలో పెట్టుకున్న మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? పాత చీటీ అంటించే పద్ధతిలో ఉన్న తెలివి ఇక్కడే తెలుస్తుంది. సవరణ పుస్తకాన్ని అంటిపెట్టుకుని ఉండాలి.

మనస్తత్వ శాస్త్రంలోనే ఇంకో ప్రయత్నం జరిగింది. తాము ప్రచురించిన ఫలితాల మీద తమకే నమ్మకం పోయిన పరిశోధకులు 13 మంది, ఏది ఎందుకు నమ్మట్లేదో ఒక్కొక్కరూ రాసి, 2021లో ఒకే పత్రంగా అచ్చువేశారు. దానితోపాటే 300 మందికి పైగా పరిశోధకులను అడిగితే, తమ ఫలితాల్లో కనీసం ఒకదాని మీద నమ్మకం పోయిందని 44 శాతం మంది చెప్పారు. వాళ్ళలో చాలామంది ఆ మాటను బయట ఎక్కడా అచ్చులో పెట్టలేదు. అంటే సమస్య తెలియకపోవడం ఒక్కటే కాదు. తెలిసీ చెప్పడానికి చోటు లేకపోవడం, చెబితే ఏమవుతుందోనన్న టెన్షన్.

తెలియని సంగతి వేరే ఉంది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ఎదుటివాళ్ళను తిట్టడానికే ఈ సామెత ఎక్కువగా వాడతాం కానీ, రాసేవాళ్ళ విషయంలో అది తిట్టు కాదు, ఉన్న స్థితి. 1888లో మొదలైన నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 2018 ఏప్రిల్‌లో జాతి మీద ప్రత్యేక సంచిక తెస్తూ, ముందు తన పాత సంచికలను తానే పరీక్షించుకోవాలనుకుంది. ఆ పని తన ఉద్యోగులకు అప్పగించలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా చరిత్ర, ఫొటోగ్రఫీ చరిత్ర బోధించే జాన్ ఎడ్విన్ మేసన్‌ను పిలిచింది. 1916 నాటి సంచికలో ఆస్ట్రేలియా మూలవాసుల ఫొటో కింద, మనుషులందరిలోకీ తెలివిలో వీళ్ళే అట్టడుగు అన్న వ్యాఖ్య ఉంది. అది ఇవాళ ఎవరికైనా కనబడుతుంది. 1962లో దక్షిణాఫ్రికా మీద వచ్చిన కథనంలో లోపం చూడటానికి మాత్రం మేసన్ లాంటి కళ్ళు కావాలి. షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మంది నల్లజాతివాళ్ళను కాల్చిచంపి అప్పటికి రెండేళ్ళు. ఆ కథనంలో నల్లవాళ్ళ గొంతు లేదు, వాళ్ళు కనబడేది నాట్యం చేసేవాళ్ళుగానో పనివాళ్ళుగానో. రాసిన వాక్యాల్లో వెతికితే తప్పు దొరకదు, రాయని వాటిలో వెతకాలి. తాను రాయనిదాన్ని తాను చూసుకోవడం దాదాపు ఎవరివల్లా కాదు.

మన దగ్గర ఈ అవసరం ఎక్కువగా ఉన్నది స్థానిక చరిత్రల్లో. రెండు రాష్ట్రాల్లోనూ ఊరి చరిత్రలు, కులాల చరిత్రలు, కుటుంబాల జ్ఞాపకాలు సొంత ఖర్చుతో అచ్చువేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికాలో స్థిరపడి, ముప్పై ఏళ్ళ కింద వదిలొచ్చిన ఊరి గురించి జ్ఞాపకం నుంచి రాసేవాళ్ళూ ఉన్నారు. ఇది విలువైన పని, వీళ్ళు రాయకపోతే ఆ ఊళ్ళ సంగతులు ఎక్కడా మిగలవు. అయితే ఊరి చరిత్ర రాద్దామని వెళ్ళిన మనిషి నడిచే దారి దాదాపు ముందే ఖాయమై ఉంటుంది. రిటైరైన హెడ్మాస్టరు, పాత సర్పంచ్, గుడి పూజారి, కరణాల ఇంట్లో ట్రంకుపెట్టెలో మిగిలిన కాయితాలు. ఊరి చివర మాలపల్లె, మాదిగగూడెం, తెలంగాణలో అయితే వాడ. అక్కడికి వెళ్ళేసరికి పొద్దు గూకుతుంది. పుస్తకంలో గుడి కట్టినవాళ్ళ పేర్లు నాలుగు పుటలు వస్తాయి. చెరువుకు మట్టి మోసినవాళ్ళు ఒక్క వాక్యంలో 'ఊరి ప్రజలు' అయిపోతారు.

ఇలాంటి పుస్తకం ముందుమాటలో 'నేను ఫలానా కులంవాణ్ణి, ఆ పరిమితి నాకుంది' అని రాయడం ఈ మధ్య కనబడుతోంది. మంచిదే, మొదటి మెట్టు. కాకపోతే ఆ కులంలో పుట్టడం వల్ల పుస్తకంలో ఏ అధ్యాయం ఎలా మారిందో చెప్పకపోతే, అది కూడా 'సహృదయులు మన్నించాలి' పక్కన చేరే ఇంకో సూత్ర వాక్యం అవుతుంది. దానికి బదులు ఉదాహరణకు ఇలా రాశారనుకుందాం: 'ఈ పుస్తకం కోసం 40 మందితో మాట్లాడాను. వాళ్ళలో ఆడవాళ్ళు ముగ్గురే. వాడవాళ్ళు ఇద్దరు, ఆ ఇద్దరితోనూ సర్పంచ్‌గారి ఇంటి ముందు, ఆయన ఉండగానే మాట్లాడాను. చెరువు తగాదా గురించిన ఐదో అధ్యాయం ఒక వైపువాళ్ళు చెప్పిందే.' ఇది చదివిన పాఠకుడు ఐదో అధ్యాయాన్ని వేరేగా చదువుతాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇదే ఊరి మీద రాయబోయే మనిషికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇలా రాస్తే ఎదుటివాళ్ళు దాన్నే పట్టుకుని పుస్తకం మొత్తాన్ని కొట్టిపారేస్తారన్న భయం ఉంటుంది. ఆ భయం ఉత్తది కాదు. కులం, ప్రాంతం, పార్టీ కలిసిన ఏ విషయం మీదైనా 'చూశారా, ఆయనే ఒప్పుకున్నాడు' అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. తెలుగునాట వాదాలు ఎలా జరుగుతాయో తెలిసినవాళ్ళెవరూ దీన్ని కాదనలేరు. శ్రీనివాస్ పుస్తకం మీద కూడా గట్టి విమర్శలే వచ్చాయి. 1978లో 'కంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ' పత్రిక దానిమీద ప్రత్యేక చర్చే నడిపింది. అయినా ఎక్కడ కూర్చుని రాశారో పుస్తకమే చెప్పింది కాబట్టి, ఏ సంగతి నిలుస్తుంది, ఏది నిలవదు అని విడదీయడం కుదిరింది. ఊరి పెద్ద గురించి, వ్యవసాయం గురించి, పై కులాల మధ్య పోటీల గురించి అందులో ఉన్నది ఈనాటికీ చదువుతున్నారు. పరిమితి దాచిన పుస్తకానికి ఆ అవకాశం ఉండదు. ఒక లోపం బయటపడితే మిగతాదాన్ని కూడా నమ్మాలో వద్దో తేల్చుకునే దారి పాఠకుడి దగ్గర ఉండదు.

రాయడం అయిపోయాక లోపాలు గుర్తుచేసుకుందామంటే కుదరదు. డార్విన్ తన ఆత్మకథలో ఒక అలవాటు చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి ఎదురొచ్చే సంగతి ఏది కనబడినా వెంటనే కాయితం మీద పెట్టేవాడు. అనుకూలమైనవాటి కంటే ప్రతికూలమైనవే తొందరగా మరుపున పడతాయని అనుభవం మీద గ్రహించాడు. 1859లో వచ్చిన పుస్తకంలో ఆరో అధ్యాయం మొత్తం తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కుల మీదే రాయగలిగాడంటే, వెనక ఆ కాయితాలున్నాయి. ఊరి చరిత్ర రాసేవాళ్ళకి అయ్యే ఖర్చు ఇంకా తక్కువ, నోట్‌బుక్‌లో ఎడమవైపు పేజీ ఖాళీగా వదులుకుంటే సరిపోతుంది. కుడివైపు ఆ రోజు విన్నవి. ఎడమవైపు తేదీ వేసి, రాత్రి పడుకునేముందు రెండు ముక్కలు: 'ఈ రోజు వాడ వైపు వెళ్ళలేదు. ఎండ ఎక్కువగా ఉందని ఆగిపోయాను. మధ్యాహ్నం భోజనం సర్పంచ్‌గారింట్లో.'